చీటీలక్క రాసిన చీటీ

శాసనసభలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఆవిడను అందరూ చీటీలక్క అనేవారు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకు కూడా అక్కే. పని అలాంటిది. సభ్యుడెవరైనా కాగితం మడిచి చెయ్యెత్తితే, చప్పుడు కాకుండా వెళ్ళి అందుకోవాలి. అధికారుల గదిలోనో పార్టీ ఆఫీసులోనో ఇచ్చి, జవాబు పట్టుకురావాలి. దారిలో విప్పి చూడకూడదు. ఇన్నేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి విప్పలేదు మహాతల్లి!

విప్పినా తనకు అర్థమయ్యేది కాదని ఆవిడే నవ్వుతూ చెప్పేది. కాలేజీ మొహం చూడకుండానే పెళ్ళయిపోయిన మనిషి. రోజూ మోసే కాగితాల్లో ఏముంటుందో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం లోపల తొలుస్తూనే ఉండేది. నలభై ఆరో ఏట దూరవిద్యలో డిగ్రీకి చేరింది.

"అమ్మా, నీ పరీక్షలూ నా పరీక్షలూ ఒకేసారి వస్తే వంటెవరు చేస్తారే?" అని కూతురు ఆటపట్టించింది.

"మీ నాన్న లేరూ? వంటింటికి దారి నేనే చూపిస్తాలే" అంది.

ఆయన నిజంగానే నేర్చుకున్నాడు. ఉప్పు మాత్రం ఈనాటికీ అంచనాకు రాలేదు. ఆవిడ బస్సులో, క్యాంటీన్ మూల బల్ల దగ్గర పుస్తకం తెరుచుకుని రెండేళ్ళు నెగ్గుకొచ్చింది. మూడో ఏడాది పుస్తకాలు పోస్టులో రాగానే అన్నింటికీ అట్టలు వేసుకుంది.

సరిగ్గా ఆ వారమే బిల్లొకటి వచ్చింది. పొద్దున్నే సభ్యుల బల్లల మీద ప్రతులు సర్దుతుంటే 'దూరవిద్య' అన్న మాట కంటపడి, నిలబడే చదివింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు దూరవిద్య నడపాలంటే ఇకమీదట సభ ఆమోదం ఉండాలట. బాగానే ఉంది, వీధికో సెంటరు తెరిచి మూసేసేవాళ్ళకు ముకుతాడు పడాల్సిందే. మూడో పేజీలో ఏడో క్లాజు: ఆమోదం లేని కోర్సులన్నీ చట్టం వచ్చిన రోజునుంచే రద్దు. ఆవిడ కోర్సుకు ఆమోదమెక్కడిది? అలాంటిదొకటి ఉండాలని అప్పటిదాకా ఎవరనుకున్నారు గనక! ఇప్పటికే చదువుతున్నవాళ్ళ ఊసేమైనా ఉందేమోనని పేజీ తిప్పింది, వెనక్కి తిప్పింది. లేదు. రెండేళ్ళ కష్టం గంగపాలు. ఆ కబురును బల్లబల్లకూ పంచుతున్నది తనే.

మధ్యాహ్నం చర్చ మొదలైంది. కోర్సుల సంగతి విశ్వవిద్యాలయాలకే వదిలెయ్యాలన్నాడొకాయన. "ఆ విశ్వవిద్యాలయాలను పుట్టించిందే ఈ సభ చేసిన చట్టం. మనకు కాక ఇంకెవరికుంటుందండీ అధికారం?" అన్నాడు విద్యామంత్రి. గంటసేపు అధికారం నీదా నాదా అని గుంజుకున్నారు గాని, చదువుకునేవాళ్ళను తలిచిన పాపాన పోలేదు.

అప్పుడు వెనక వరసలో పెద్దాయన చెయ్యెత్తాడు. సభలో అందరికంటే పాత సభ్యుడు. చూపు ఆనదు, బిల్లులు చదవడం ఎప్పుడో మానేశాడు.

"అమ్మాయ్, దీనిమీద ఏం మాట్లాడాలో రెండు ముక్కలు పెద్ద అక్షరాలతో రాసివ్వమని మావాడికి చెప్పు" అని తెల్లకాగితం ఇచ్చాడు.

పార్టీ ఆఫీసులో ఆయన సహాయకుడు లేడు. టీకి వెళ్ళాడు. బల్లమీద పెన్నుంది.

తను ఆ పని చెయ్యకూడదని ఆవిడకు తెలుసు. తెలిసే కూర్చుంది. రాసింది, మడిచింది, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది.

పెద్దాయన లేచి, కాగితం కళ్ళకు ఆనించుకుని ఉన్నదున్నట్టు చదివేశాడు. "మూడో పేజీ, ఏడో క్లాజు. ఇప్పటికే చదువుతున్నవాళ్ళ గతేంటి? నాకు మూడో ఏడాది పుస్తకాలు కూడా వచ్చేశాయి. అట్టలు కూడా వేసుకున్నాను."

సభ గొల్లుమంది. "ఏ కోర్సండీ పెద్దాయనా?" అన్నాడు మంత్రి, నవ్వు ఆపుకోలేక.

పెద్దాయన కాగితం వంక చూశాడు. తలుపు వైపు చూశాడు. "నవ్వింది చాలు. పుస్తకాలు ఎవరివైతేనేం? ముందు జవాబు చెప్పవయ్యా" అన్నాడు.

మంత్రి కూడా పేజీ తిప్పాడు, వెనక్కి తిప్పాడు. ఆ సాయంత్రం ఏడో క్లాజు కింద రెండు వాక్యాలు చేరాయి. ఇప్పటికే చేరినవాళ్ళు చదువు పూర్తి చేసుకోవచ్చు. వాళ్ళకు పరీక్షలు పెట్టితీరాలి.

హెడ్ అటెండరు ఆవిడను పక్కకు పిలిచాడు. "అక్కా, నువ్వేనా?"

"నేనే."

"ఇరవై రెండేళ్ళు తెచ్చుకున్న పేరు ఒక్కపూటలో పోగొట్టుకున్నావు కదక్కా!"

మర్నాటినుంచి ఆవిడకు పాత ఫైళ్ళ గదిలో పని వేశారు. సభలో నిలబడటమంటే ఆవిడకు ప్రాణం. ఇంటికెళ్ళి భర్త దగ్గర కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

అంతా విని, "మళ్ళీ అలాంటి కాగితం చేతికొస్తే ఏం చేస్తావు?" అన్నాడాయన.

ఆవిడ ముక్కు చీదుకుంది. "ఈసారి అట్టల సంగతి రాయను."

ఏడాది చివర పరీక్షలు జరిగాయి. మూడో పేపర్లో, బిల్లుకు సవరణలు ఎవరు, ఎలా తెస్తారో వివరించమని ప్రశ్న వచ్చింది. ఆవిడ కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. తర్వాత, సవరణలు ప్రతిపాదించే హక్కు సభ్యులకు మాత్రమే ఉంటుందని, పుస్తకంలో ఉన్నదున్నట్టు రాసింది.