మావయ్య దవడలో తుంటి ఎముక

మా మావయ్య పోయిన ఆదివారం ఉదయం, రాగిజావ గ్లాసు సగంలో ఉండగానే గుండె ఆగి చనిపోయాడు. ఈ సంగతి పళ్ల డాక్టరుకి ఎవరూ చెప్పలేదు. మర్నాడు క్లినిక్ నుంచి ఓ అమ్మాయి ఫోను చేసి, "శుక్రవారం పేషెంటుని తీసుకురండి సార్, చిగురు తెరిచి చూస్తారు" అంది. నేను "సరే" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

మావయ్య మా అమ్మకి అన్నయ్య. పోర్టులో క్రేన్ ఆపరేటరుగా రిటైరై పెందుర్తిలో ఇల్లు కట్టుకున్నవాడు. మేక ఎముకల విషయంలో విశాఖ మొత్తానికి తిరుగులేని అధికారి. మూలుగ పీల్చి ఎముక పక్కన పడేసేవాళ్లను ఆయన మనుషుల్లో జమకట్టేవాడు కాదు. యాభై దాటేసరికి పళ్లన్నీ ఊడి, కట్టుడు పళ్లు వచ్చాయి. లోకం వాటిని తినడానికి పెట్టుకుంటుంది. మావయ్య తినడానికి తీసేసి, ఫొటోకి పెట్టుకునేవాడు. సిటీ బస్సు స్పీడ్ బ్రేకర్ ఎక్కితే పై సెట్టుని బొటనవేలితో అదిమి పట్టుకునేవాడు. పెళ్లిళ్లలో మాత్రం బంతిలో కూర్చునేవాడు కాదు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని "ఆకలి నేదురా" అనేవాడు.

"మేకల ఉసురు ఊరికే పోద్దేటి," అనేది అత్తయ్య.

నలుగురితో బంతిలో కూర్చుని మళ్లీ ఒక్కసారి ఎముక కొరకాలి. ఆయన కోరికల్లా అదే. కదలని పళ్లు పెడతారని విని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. డాక్టరు ఎక్స్‌రేని లైటుకి పెట్టి, "పళ్లు పోయి చాలా ఏళ్లయింది కదండీ, దవడ అరిగిపోయింది. స్క్రూ నాటడానికి ఎముక చాలదు" అన్నాడు.

మావయ్య నావైపు తిరిగాడు. "బతుకంతా ఎముకలు నమిలినోడికి ఎముక నేదంతన్నాడేట్రా ఈ బాబు?"

చివరికి తుంటి నుంచి కాస్త ఎముక తీసి దవడలో అతికించి, టైటానియం స్క్రూలు బిగించి, చిగురు కుట్టేశారు. ఆ ఎముక స్క్రూలను గట్టిగా పట్టుకోవాలి. పట్టుకుంటేనే వాటిమీద పళ్లు. పట్టిందో లేదో కొన్ని నెలలాగి తెరిచి చూస్తేగాని తెలియదు. అందాకా జావే.

ఆ రోజుల్లో బస్టాపులో పాత పోర్టు స్నేహితుడొకాయన ఎదురయ్యాడు.

"ఏటి బావా, కుంటతన్నావ్?"

"పళ్లకి ఆపరేసనయింది బావా."

ఆయన మావయ్యకేసి జాలిగా చూసి, వచ్చిన బస్సు ఎక్కేశాడు.

నేను ఎప్పుడెళ్లినా మావయ్య జావ గ్లాసు దించి, చెంప నా ముందుకు తిప్పేవాడు. "బీఎస్సీ సదివినావు కదరా అల్లుడూ. సూసి సెప్పు, పట్టీసిందంటావేటి?" నేను గంభీరంగా, తలుపు తట్టినట్టు రెండు వేళ్లతో తట్టి, "లోపల ఎవరూ పలకట్లేదు మావయ్యా" అనేవాణ్ని. కుట్లు కదులుతాయన్న భయంతో నోరు తెరవకుండా భుజాలతో నవ్వేవాడు. ఇప్పుడు ఇంట్లో ఎవరు గ్లాసు దించిన చప్పుడైనా, నా ఎదుట ఓ చెంప తిరిగి ఆగినట్టుంటుంది. వేళ్లు వాటంతటవే లేస్తాయి.

పిల్లల్లేరు కాబట్టి కర్మ నా చేతిమీదుగానే జరిగింది. మూడోనాడు బూడిదలో ఎముకలు ఏరి, పాలతో కడుగుతుంటే ఓ స్క్రూ దొరికింది. నిప్పుకి నీలం తిరిగింది. దాని మరలచుట్టూ గోరంత తెల్లటి ఎముక.

"లోహం తీసేయండి బాబూ, అస్థికలే కుండలో వెయ్యాలి," అన్నారు పంతులుగారు.

గోటితో గీరాను. పాలు పోసి రుద్దాను. తిప్పాను. రాలేదు.

"వదల్లేదండీ," అన్నాను.

పంతులుగారు కుండ నా ముందుకు జరిపి, "అయితే అలాగే వెయ్యండి" అన్నారు.

కుండ మూతికి గుడ్డ కట్టి, ఒళ్లో పెట్టుకుని బీచికి ఆటోలో బయల్దేరాను. గతుకు వచ్చినప్పుడల్లా లోపల ఎముకలు కటకటమన్నాయి. సముద్రం కనబడేదాకా, తీరిగ్గా, ఎవరో నములుతున్నట్టు.