వేసవిలో పోసిన నీళ్లు

ఈస్టర్‌కు ముందు శనివారం గెనాడెండాల్‌లో ఇళ్లన్నీ ఖాళీ. చీపుర్లూ సున్నం బక్కెట్లూ పట్టుకుని ఊరంతా సమాధుల తోటకు పోతుంది. మర్నాడు తెల్లారకముందే ఈస్టర్ ప్రార్థనకు బాకాల మేళం అక్కడికి వస్తుంది కనుక ప్రతి సమాధీ మసకలోనైనా తెల్లగా కనబడాలి, దానిమీద పువ్వుండాలి. నా అన్నవాళ్లు లేని సమాధులకు పాతికేళ్లుగా ఏబెల్ అప్పోలిస్ పెరటి పూలే వెళ్లేవి. కొండమీద పుట్టే నెరీనా పూలమొక్కను అతను గింజ నాటి ఇంట్లో పెంచాడు. ఉల్లిగడ్డంత దుంప, ఆకైనా లేకుండా లేచే ఒంటి కాడ, దాని చివర ఎర్రపూల గుత్తి. ఎండ పడితే రేకులమీద బంగారు పొడి చల్లినట్టుండేది.

ఈసారి ఏబెల్ కూడా ఆ తోటలోనే ఉన్నాడు. నవంబరు చివర్లో, అక్కడి వేసవి మొదట్లో పోయాడు.

అతని భార్య హెస్టర్ పెరట్లో గోడవార వరసగా పెట్టిన నూనె డబ్బాల ముందు నిలబడింది. ఒక్కదాంట్లోనూ మొగ్గ లేదు. ఎందుకు లేదో ఆమె ఒక్కదానికే తెలుసు.

ఆస్పత్రిలో చివరి రోజు ఏబెల్ నీళ్లడిగాడు. ఆపరేషనుంది, చుక్క కూడా ఇవ్వొద్దని నర్సు చెప్పి వెళ్లింది. "ఒక్క గుక్క, హెస్టర్" అన్నాడు. ఆమె తడిగుడ్డ పెదాలకు అద్దిందే గాని గ్లాసు అందించలేదు. అతను మళ్లీ అడగలేదు.

ఇంటికొచ్చి చూస్తే ఎండకు ఆ డబ్బాల్లో మట్టి బీటలు వారి ఉంది. వేసవిలో ఆ దుంపలు నిద్రపోతాయనీ, అప్పుడు తడి తగిలితే కుళ్లిపోతాయనీ ఆమెకు తెలియక కాదు. కాపురానికి వచ్చిన నాటినుంచీ అతని నోట విన్న మాటే. అయినా రోజూ పొద్దున్నే చెంబుతో పోసింది. మానలేకపోయింది. మార్చిలో ఒక దుంపను నొక్కితే వేలు మెత్తగా లోపలికి దిగిపోయింది. ఆ వాసన పోవడానికి చెయ్యి ఎన్నిసార్లో కడుక్కుంది. ఎవరికీ చెప్పలేదు.

"ఏమమ్మా హెస్టర్, ఇంకా ముస్తాబవుతున్నావా?" వీధిలోంచి ఏబెల్ అక్క మగ్రీట కేకేసింది. "ఈ ఏడు వాడి పూలు వాడికే పెట్టాలి. ఊరంతా అదే చూస్తోంది."

"మీరు నడవండి వదినా. కోసుకొస్తా."

పక్కింటి సానా అరుగుమీద ఒక కుండీ ఉంది. ఆమె చిన్న కూతురు చనిపోయిన ఏడాది ఏబెల్ తీసి ఇచ్చిన నెరీనా పిలకలు అందులో పూశాయి. సానా అప్పటికే సున్నం పట్టుకుని వెళ్లిపోయింది. హెస్టర్ కంచె దాటి కాడలు మూడూ కోసింది. అక్కడున్నవే మూడు.

సమాధి దగ్గర మగ్రీట మురిసిపోయింది. "చూశారా, మనిషి పోయినా చేతి చలవ పోలేదు. పెళ్లైన కొత్తలో ఈవిడ చేత్తో ముల్లంగి కూడా మొలిచేది కాదు. మా వాడు ఎలా తయారుచేశాడో." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. హెస్టర్ కూడా నవ్వింది.

అప్పుడే సానా ఇంటినుంచి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఏబెల్ సమాధి దగ్గర ఆగి, వంకర తిరిగిన మధ్య కాడను చూసింది. చాలాసేపు చూసింది.

"మా పిల్లకి పూలు తెద్దామని వెళ్లాను," అంది. "ఈ ఏడు నత్తలు తినేసినట్టున్నాయి. పోనీలే."

నాలుగడుగుల అవతల పిల్ల సమాధి, సున్నం ఇంకా ఆరలేదు, దానిమీద ఏమీ లేదు. హెస్టర్ అటు చూసి తల దించుకుంది.

"నత్తలు కాదక్కా. నేనే కోశాను," అంది, తల ఎత్తకుండా. "మా ఇంట్లో ఒక్క పువ్వు లేదు వదినా. వేసవంతా నీళ్లు పోశాను. అన్నీ కుళ్లిపోయాయి."

"తడపొద్దని వాడు నోరు నొప్పెట్టేలా చెప్పేవాడు కదే."

"చెప్పాడు. ఆస్పత్రిలో ఆయన నీళ్లడిగితే నేనివ్వలేదు వదినా. అందుకని పోశాను."

నవ్వినవాళ్లు ఒక్కొక్కరే తమ సమాధులవైపు జరిగారు. మగ్రీట కుంచె ముంచి, అప్పటికే తెల్లగా ఉన్న తమ్ముడి సమాధికి మళ్లీ సున్నం వేయసాగింది. సానా వంగి రెండు కాడలు తీసుకుని కూతురికి పెట్టింది. వంకర కాడను ఏబెల్‌కే వదిలేసింది. హెస్టర్‌ను ఎవరూ తిట్టలేదు. తిడితే నిలబడగలిగేదేమో.

సోమవారం సానా పండక్కి ఉల్లిపాయలతో ఊరవేసిన చేప గిన్నె, పాత పేపర్లో చుట్టిన రెండు పిలకలు తెచ్చింది. హెస్టర్ పాత మట్టి పారబోసి, డబ్బా కడిగి ఆరబెట్టి, కొత్త ఇసుకమట్టిలో వాటిని మెడవరకే పాతింది.

"నవంబరు రాగానే ఈ డబ్బా నీ అరుగుమీదికి తీసుకుపో అక్కా," అంది. "నా చేతిని నేను నమ్మను."

సానా గిన్నె దగ్గరికి జరిపింది. "అలాగే," అంది. "ముందు చేప తిను. ఉల్లిపాయలు బాగా ఊరాయి."