ఐదు యంత్రాలు, మూడు బ్యాచ్‌లు

పలాసలో ఒక జీడిపప్పు కార్ఖానాలో పప్పు ఏరేవాళ్ళ మీద నేను మేస్త్రీని. పక్క కార్ఖానా రోజుకి రెండు డబ్బాలు ఎక్కువ తీస్తే, వారం తిరక్కుండా మా షావుకారు వాళ్ళెలా చేస్తున్నారో కనుక్కుని వస్తాడు. లేకపోతే బేరగాళ్ళు మా గుమ్మం ఎక్కరు. ఆసుపత్రులకి ఆ భయం లేదని తమ్ముడు రాజారావు జబ్బుపడ్డాకే తెలిసింది.

వాడిది కవిటి దగ్గర కొబ్బరితోట. కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చెయ్యాలన్నారు డాక్టరు. మేం వెళ్ళే ఆసుపత్రిలో రెండుసార్లే దొరికేది. కాళ్ళు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడేది కాదు. అక్కడ ఐదు యంత్రాల మీద రోజుకి రెండు బ్యాచ్‌లు. టెక్కలి వైపు ఇంకో ఆసుపత్రిలో అన్నే యంత్రాల మీద మూడు నడుపుతున్నారని విని బయల్దేరాం.

ఉదయం ఆరుంబావుకి పలాసలో బస్సెక్కాం. ఆడదాన్ని కాబట్టి నాకు ఉచితం, తమ్ముడికి టికెట్టు. పక్కన ఎండుచేపల గంపతో ఒకామె.

"ఏటమ్మా, ఆసుపత్రికా? మా ఆయన్నీ అక్కడికే తీసుకెల్లేదాన్ని. బాగా సూత్తారు," అంది. ఆయనెలా ఉన్నాడని నేనడగలేదు.

ఏడున్నరకి టెక్కలి. ఇడ్లీ తిని ఆటోలో వెళ్ళాం. పెద్ద సిస్టరు డయాలసిస్ గదిని చూడనిచ్చింది. పదకొండున్నరకి మొదటి బ్యాచ్ దిగేసరికే తర్వాతి ఐదుగురికీ బరువు, బీపీ చూసేసి గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు. గడియారం చూశాను. నలభై నిమిషాల్లో మళ్ళీ యంత్రాలన్నీ తిరుగుతున్నాయి. మా దగ్గర గంటన్నర పైనే.

"మీకు మనుషులెక్కువా?"

"లేదక్కా, ఇద్దరమే. మంచాలు కాళీ అయ్యాక పేషెంట్లని ఎతుక్కోం, అంతే."

అంతా కాగితం మీద రాసుకున్నాను. తిరుగు బస్సులో తమ్ముడు, "మనోళ్ళు ఇంటారేటక్కా?" అన్నాడు.

"ఇనేదాకా సెప్దాం."

నాలుగింటికి నేరుగా మా ఆసుపత్రికే వెళ్ళాం. కాగితం చూసి అక్కడి సిస్టరుకి కోపమొచ్చింది. "ఇది జీడిపప్పు కాదమ్మా, మనుషులు."

"అందుకేనమ్మా. పప్పు రేపటిదాకా ఆగుతాది. ఈడు ఆగడు."

ఆమె రాజారావు ఉబ్బిన కాళ్ళకేసి చూసింది. తర్వాత, వరండా ఆ చివర గదిలో ఉండే బరువు యంత్రాన్ని తనే మోసుకొచ్చి డయాలసిస్ గది గుమ్మం దగ్గర పెట్టింది. "రేపట్నుంచి సూద్దాం," అంది.

కవిటి ఆటోలో తమ్ముడు నా భుజం మీద వాలి నిద్రపోయాడు. తోటల్లోంచి వెళ్తుంటే ఒకటే అనిపించింది. టెక్కలి పద్ధతి మా దాకా రాకపోవడానికి దూరం కారణం కాదు. ఎవరూ వెళ్ళి చూడలేదు.

నెల తిరిగేసరికి మూడో బ్యాచ్ మొదలైంది. రాజారావుకి శనివారం కూడా దొరికింది.