నీళ్లు కాదు, సముద్రం

పోయిన ఆదివారం ప్రార్థన ముగించుకుని విజయవాడ భవానీపురంలోని మా ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు టెలిగ్రాం పట్టుకుని తపాలా మనిషి నిలబడి ఉన్నాడు. మా అత్తయ్య పోయారు. దివి ప్రాంతంలో, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఓ చిన్న ఊళ్లో, తన ఇంట్లో, పొడిబట్టల్లో, జ్వరంతో పోయారు. పొడిబట్టల్లో అని ఎందుకు రాశానో ఆ వైపువాళ్లకి చెప్పక్కర్లేదు. రెండేళ్ల కిందటి ఉప్పెనలో అక్కడ చాలామందికి ఆపాటి భాగ్యం కూడా దక్కలేదు.

ఆవిడ ఆ ఊరి మిషన్ బడిలో టీచరమ్మగారు. నాకు అత్తగారు. అత్తగారంటే కోడళ్లు మంచిమాట రాయడం లోకంలో తక్కువే. నేనూ ఆవిడా కూరలో ఉప్పు దగ్గర్నుంచి పిల్లల పేర్ల దాకా అన్నిటిమీదా వాదించుకున్నాం. అయినా ఇది రాయకపోతే నాకు అన్నం సహించేట్టు లేదు.

నేను కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని. కొత్తకోడలిగా వెళ్లినప్పుడు వరదల గురించి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదన్నట్టు మాట్లాడేదాన్ని. బ్యారేజీ గేట్లు ఎత్తితే మేం కాల్చిన మొక్కజొన్న పొత్తులు తింటూ వరద చూడ్డానికి వెళ్లేవాళ్లమని గొప్పలు చెప్పాను. అత్తయ్య బియ్యంలో రాళ్లేరుతూ అంతా విన్నారు.

"మీది ఏరమ్మా. మెట్టుమెట్టూ ఎక్కి, తలుపు కొట్టి వస్తుంది. మాది సముద్రం. గోడ దూకి వస్తుంది" అన్నారు.

ఆ మాటకి నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆ ఏడు తొలకరిలో కాలవకి నీళ్లొదిలారు. ఎవరో పొలిమేరలో "నీళ్లొస్తున్నాయి!" అని కేక పెట్టారు. అంతే, ఊరు ఊరంతా కాలవగట్టు మీదే ఉంది. ఆడవాళ్లు పసుపూ కుంకుమా నీళ్లలో వేశారు, మా చర్చివాళ్లు నిలబడి స్తోత్రం చెప్పుకున్నారు, పిల్లలు దూకారు. డెల్టాలో అంతకన్నా తియ్యటి కేక లేదు. మరి అత్తయ్య ముఖం మాత్రం ఎందుకు పాలిపోయిందని అడిగాను. అప్పుడు చెప్పారు.

ఆవిడ చిన్నప్పుడు ఓసారి ఉప్పెన వచ్చింది. కోతల ముందు రోజులు, చేలన్నీ పండి ఉన్నాయి. గాలివానలో ఎవరో "నీళ్లొస్తున్నాయి!" అని అరిచారు. పండిన చేలోకి కాలవ నీళ్లొస్తే పంట పడిపోతుంది కదా, అందుకని ఊళ్లో మగవాళ్లంతా పారలు పట్టుకుని తూములు మూయడానికి పరిగెత్తారు. అత్తయ్య నాన్నగారు పంచె ఎగ్గట్టుకుంటూ "ఎవడో లాకులెత్తినట్టున్నాడు, ఇప్పుడే వస్తా" అన్నారట. ఆయన నోట అదే ఆఖరు మాట. ప్రాణం కోసం పారిపోవలసినవాళ్లు పంట కోసం ఉప్పెనకే ఎదురెళ్లారు.

"అరిచినవాడు అబద్ధం చెప్పలేదమ్మా. వచ్చినవి నీళ్లే. కానీ మనవాళ్లకి నీళ్లంటే కాలవే. ఆ మాట మార్చాలి" అనేవారు అత్తయ్య.

టీచరుద్యోగం రాగానే ఆవిడ మార్చింది ఆ మాటనే. ఎక్కాలతో పాటు ఇదీ నేర్పేవారు: పడమట నుంచి వచ్చేది కాలవ, తూర్పు నుంచి వచ్చేది సముద్రం. సముద్రం వస్తుంటే 'నీళ్లు' అని అరవకూడదు. "సముద్రం!" అనే అరవాలి, అరుస్తూ బడి డాబా ఎక్కాలి. ఊళ్లో మెట్లున్న డాబా అదొక్కటే. మెట్ల పక్క మేకుకి ఎప్పుడూ ఒక మోకు వేలాడేది. డాబా మీది గదిలో మూతున్న పెద్ద డబ్బాలో అటుకులు, బెల్లం, గుడ్డలో చుట్టిన అగ్గిపెట్టెలు ఉండేవి. అటుకులు ముక్కిపోకుండా అప్పుడప్పుడూ మార్చాలి కదా. మార్చిన రోజునే పిల్లల చేత డాబా ఎక్కించి, పాత అటుకులు బెల్లంతో పంచేవారు. అందుకే మా ఊరి పిల్లలకి సముద్రం అంటే నోరూరేది. నిక్షేపంలాంటి ఎండలో "సముద్రం! సముద్రం!" అని అరుచుకుంటూ మెట్లెక్కేవాళ్లు.

పెద్దవాళ్లకి మాత్రం ఒళ్లు మండేది. శుభమా అని నాట్లేసుకుంటుంటే ఈ పాడుమాటేమిటని సణిగేవాళ్లు. వెనక 'సముద్రం టీచరమ్మ' అని పేరు పెట్టారు. ఆవిడకది తెలుసు. "సరస్వతీ టీచరమ్మ అని మాత్రం ఎవరంటార్లే నన్ను" అని నవ్వేవారు. రేడియోలో వాయుగుండం అనగానే "ఎటో ఒరిస్సా పోతుందిలెండి" అనే మా మామగారితో "పోతే పోనీండి. ఉత్తినే ఎక్కి దిగితే మోకాళ్లు నొప్పెడతాయి, అంతేగా" అనేవారు.

కాలవ అవతల ఒక పాలెం ఉంది. అక్కడ బడి లేదు. అత్తయ్య సెలవుల్లో వెళ్లి ఆ పిల్లలకీ నేర్పాలనుకున్నారు. రెండేళ్ల కిందటి ఆ ఉప్పెన వచ్చిన ఏడు, కార్తీకంలో, బయల్దేరి వెళ్లారు కూడా. పాలెం పెద్దాయన ఎదురొచ్చి మంచినీళ్లిచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"టీచరమ్మగారూ, మా వోడి పెళ్లెట్టుకున్నాం. పందిట్లో ఆ మాట ఒద్దమ్మా. పైన తథాస్తు దేవతలుంటారు. పెళ్లయ్యాక తమరే వచ్చి చెబుదురుగాని."

ఎదటివాళ్ల శుభకార్యం, తనేమో వేరే మతం మనిషి. ఏమంటారు? "అలాగేనండి, పెళ్లయ్యాకే వస్తాను" అని తిరిగొచ్చేశారు.

పెళ్లి కాకముందే ఉప్పెన వచ్చింది. నేనప్పుడు విజయవాడలో ఉన్నాను, తర్వాత విన్నదే రాస్తున్నాను. పొద్దున్నుంచీ గాలి. మధ్యాహ్నానికి తూర్పున హోరు. ఎవరో అలవాటు కొద్దీ "నీళ్లొస్తున్నాయి!" అన్నారు. మా ఊళ్లో కొందరు అప్పటికే పారలు అందుకున్నారట. అంతలో పిల్లలు, తప్పు చదివినవాణ్ణి దిద్దినట్టు, ఇంటింటి ముందూ అరిచారు: "నీళ్లు కాదు! సముద్రం! సముద్రం!" ఆ మాటని అన్నాళ్లూ తిట్టుకున్నవాళ్లే పారలు అక్కడే పడేసి, ముసలివాళ్లని భుజాన వేసుకుని డాబా ఎక్కారు. అందరూ బతికారని అబద్ధం రాయను. మామగారు ఆవులు విప్పడానికి వెళ్లి మళ్లీ కనబడలేదు. కానీ డాబా మీద ఊరు మిగిలింది.

పాలెంలో ఆ మాట తెలిసినవాళ్లు లేరు. 'నీళ్లు' అనే విన్నారు. పెళ్లికొడుకు పార తీసుకుని తూము మూయడానికి వెళ్లాడు. పెద్దాయన తాటిచెట్టుని కరుచుకుని బతికాడు. ఎవరికోసం బతికాడో ఆ దేవుడికే తెలియాలి.

తర్వాత ఎవరెవరో వచ్చి అత్తయ్యకి దండలు వేశారు. ఆవిడ వాటిని తీసి బల్లమీద పెట్టి, "పాలేనికి బియ్యం అందాయా?" అని మాత్రం అడిగేవారు. నేను ఓదార్చబోతే కసిరేవారు. "ఒక్క మాట. అక్కడ నిలబడి చెప్పేసి రావలసింది. తిడితే తిట్టేవాళ్లు. మర్యాదకి పోయాను" అనేవారు. ప్రతి ఆదివారం పాలెం వైపు నడిచేవారు. కాలవ వంతెన దాకా వెళ్లి, కాసేపు నిలబడి, వెనక్కి వచ్చేసేవారు. పెద్దాయన మొహం చూసే ధైర్యం లేకపోయింది. ఆయనా ఇటు రాలేదు. మామగారు పోయినందుకు ఏడ్చిన అత్తయ్యని చూశాను. పాలెం కోసం ఆవిడ ఏడవలేదు, లోపల కుళ్లిపోయారు. ఆ జ్వరానికి డాక్టర్లు ఏ పేరైనా పెట్టుకోనీండి, నా లెక్కలో అదే జబ్బు.

మొన్న వేసవిలో మళ్లీ గాలివాన వస్తుందని రేడియో చెప్పింది. అత్తయ్య మంచం పట్టి ఉన్నారని నేను పిల్లలతో అప్పటికే అక్కడున్నాను. మావారు సెలవు దొరక్క విజయవాడలో చిక్కుకుపోయారు. పొద్దున పదింటికల్లా తాటాకులు లేచిపోతున్నాయి. అత్తయ్య లేవబోయి కూలబడ్డారు. "నువ్వు పిల్లల్ని తీసుకుని ఎక్కెయ్. పాలేనికి ఎవరైనా వెళ్లారా? వెళ్లి చెప్పారా?" అని నా చెయ్యి వదల్లేదు. వెళ్లడానికి ఎవరున్నారు? ఊళ్లో ఎవరి పిల్లల్ని, ముసలివాళ్లని వాళ్లు డాబాకి చేర్చే తొందరలో ఉన్నారు. ఆవిణ్ణి ఒంటరిగా మొయ్యలేను, వదిలి వెళ్లలేను. నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు వీధిలోంచి ముసలిగొంతు వినబడింది. "సముద్రం! సముద్రం! ఎక్కండర్రా!"

తలుపు తీశాను. గాలిలో వంగి నడుస్తూ పాలెంలో మిగిలినవాళ్లంతా వస్తున్నారు. చంకల్లో పిల్లలు, నెత్తిన మూటలు. ముందు ఆ పెద్దాయన. గుమ్మంలోకి వచ్చి, తలకి చుట్టుకున్న తుండు తీశాడు.

"టీచరమ్మగారూ, మా వోళ్లందర్నీ తోలుకొచ్చానండి. ఒక్కళ్లు కూడా ఎనక లేరు."

అత్తయ్య మంచం మీంచి ఆయనకేసి తిరిగారు. "ఆ రోజు మీరు వద్దన్నారు, నేను విన్నాను. వినకుండా ఉండాల్సింది" అన్నారు.

"వద్దన్నోణ్ణి నేను కదమ్మా" అన్నాడాయన. "ఏడాదిన్నరగా ఆ వంతెన కాడ తమరు నిలబడ్డం చూత్తానే ఉన్నా. పిలవటానికి నోరు రాలేదు. ఇప్పుడవన్నీ ఎందుకు? ఎక్కాల."

నలుగురు మంచాన్ని ఎత్తారు. ముందు కోడు ఆయనే పట్టుకున్నాడు, కుర్రాళ్లు వద్దన్నా వినలేదు. డాబా మీది గది పిల్లలతో, బాలింతలతో నిండిపోయింది. మంచం పట్టలేదు. బయట పిట్టగోడ వారనే దించారు. అత్తయ్య తూర్పుకేసి తల తిప్పబోయారు.

"తమరు పడుకోండమ్మా. నే చూత్తా ఉంటాగా" అన్నాడాయన.

ఆ రోజు సముద్రం రాలేదు. సాయంత్రానికి గాలి తగ్గి సన్నటి జల్లు మిగిలింది. పొయ్యిమీద అన్నం వదిలేసి వచ్చామని ఆడవాళ్లు గొణుక్కుంటూ ఒక్కొక్కరే దిగారు. ఉప్పెన తర్వాత గాలి రేగిన ఏ రోజూ కన్ను మూయని అత్తయ్య నోరు కొంచెం తెరిచి, చంటిపిల్లలా గాఢంగా నిద్రపోతున్నారు. లేపుదామని దగ్గరికి వెళ్తే పెద్దాయన వద్దని తలూపాడు. ఆవిడ ముఖం మీద చినుకు పడకుండా రెండు చేతులా గోనెపట్టా ఎత్తి పట్టుకుని ఉన్నాడు. చూపు మాత్రం తూర్పునే ఉంది.