హోస్టా పూసిన ఏడాది

నాలుగేళ్లుగా ఒక మాట నా గుండెలో బరువుగా కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మాది కోనసీమ. గల్ఫ్‌లోని ఫుజైరాలో ఒక విల్లాలో ఇంటిపని. ఆ ఇంట్లో తెలుగు వచ్చిన మనిషి ఇంకొక్కడే, తోటపని చేసే మల్లయ్య. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. మేడమ్ చలిదేశం నుంచి తెప్పించుకున్న హోస్టా మొక్కని అతనికి అప్పగించింది. దాన్ని అందరూ ఆకుల కోసం పెంచుతారట. ఆవిడకి మాత్రం పూలు కావాలి. చలి తగలనిదే పూయదని, మల్లయ్య ఆ కుండీని రెండు నెలలు పాత ఫ్రిజ్‌లో ఉంచాడు. తర్వాత పొద్దుటెండ మాత్రమే పడే వరండా మూలకి చేర్చాడు. రెండో ఏడు పూకాడ లేచింది. మొగ్గలు కూడా కనిపించాయి.

ఒక శుక్రవారం అతను సెలవు. వరండా కడగడానికి కుండీని ఎండలోకి జరిపాను. ఇంతలో ఊరి నుంచి ఫోన్. కూతురు ఏడుస్తోంది. మాటల్లో పడి మరిచిపోయాను. సాయంత్రానికి ఆకులు మాడిపోయి, కాడ వాలిపోయింది. గబగబా నీడలోకి లాగేశాను. మరిచిపోవడం తప్పు కాదేమో. లాగేశాక నోరు మూసుకోవడం?

మర్నాడు మేడమ్ మల్లయ్య మీద అరిచింది. "ఖలాస్! ఇంటికి పో" అంది. నేను పక్కనే గిన్నెలు తుడుస్తున్నాను. అతను నావైపు ఒకసారి చూశాడు. వారంలో వీసా రద్దయింది.

వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆగాడు.

"నువ్వే జరిపినవని నాకెరుకే అక్కా. బండ మీద కుండీ గుంజిన గీతలున్నయి."

"మరి మేడమ్‌తో అనలేదేం తమ్ముడూ?"

"నువ్వే చెప్తవని చూసిన."

పని పోతే పిల్ల చదువు ఆగిపోతుందని భయపడ్డాను. అతనికీ పిల్లలున్నారని తెలుసు, కానీ నా పిల్ల ఏడుపే నా చెవిలో ఉంది. అది కారణమా, సాకా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఆ తర్వాత ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషే లేకుండా పోయాడు. అలా చేసుకున్నది నేనే.

కుండీ మట్టిలో ఆ మొక్క దుంప చావలేదు. అతను చేసినట్టే ఫ్రిజ్‌లో ఉంచి, మళ్లీ ఆ మూలలోనే పెట్టాను. మరుసటి ఏడు లేత ఊదారంగు పూలు పూశాయి. నీ చేయి మంచిదని మేడమ్ చుట్టాలందరి ముందూ మెచ్చుకుంది. తలూపాను. మొదటి తప్పుకి భయం ఉంది. ఈ రెండోదానికి ఏముంది?

మొన్న ధైర్యం చేసి ఆవిడకి నిజం చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఏ మల్లయ్య?" అంది.

అందుకే మీకు రాస్తున్నాను. దీనివల్ల అతనికి ఒరిగేదేమీ లేదని తెలుసు. నాకు మాత్రం ఇవాళ ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకు కూడా సిగ్గుగానే ఉంది.