ఏకాంబరం నీలం

నగరిలో నూలుకు రంగు వేసేవాళ్ళందరూ మాదిరి పోగు ఒకటి దాచుకుంటారు. కొత్తగా వేసిన నూలు ఆరాక దాన్ని పక్కన పెట్టి, వెలుతుర్లో పోల్చి చూసుకుంటారు. ఏకాంబరం ఒక్కడే దాచుకోడు. వయసు అరవై నాలుగు, అందులో నలభై రెండేళ్ళు రంగు తొట్టి ముందే. "పోగు పెట్టుకోని సూసేవాడు కాపీ కొట్టేవాడప్పా. నాకు రంగు కంట్లోనే ఉండాది" అనేవాడు. చిక్కు కూడా అక్కడే వచ్చింది.

ఆయనకు పేరు తెచ్చింది నెమలికంఠం నీలం. ఆరేళ్ళుగా అది ఆయనకు పలచగా కనిపిస్తోంది. రంగుపొడిలో కల్తీ అని తేల్చేశాడు. ముగ్గురు వ్యాపారుల్ని మార్చాడు, ముగ్గుర్నీ తిట్టాడు, ఏటేటా పిడికెడు పొడి ఎక్కువ వేస్తూ వచ్చాడు. చివరికి ఒకరోజు పుత్తూరు బస్సనుకుని తిరుత్తణి బస్సెక్కాడు. కండక్టరు అరవంలో టికెట్టడిగేదాకా తెలియలేదు.

భార్య వనజాక్షి మొదట తిరుమల వెళ్ళి హుండీలో వెండి కళ్ళు వేసి వచ్చింది. ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. వెండి కళ్ళకు శుక్లం రాదు. ఏకాంబరం కళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. నాలుగు నెలలు చూసి ఆమే మొగుణ్ణి తిరుపతిలో కంటాసుపత్రికి లాక్కెళ్ళింది.

"పొర తీసేస్తారా మేడమ్?" అని అడిగాడు ఏకాంబరం.

"పొర కాదండీ, కంట్లో కటకమే మసకబారింది" అంది డాక్టరు తేజస్విని. "దాన్నిండా ప్రొటీన్లే. నడిమధ్యలో ఉండేవి మీరు తల్లి కడుపులో ఉన్నప్పుడు తయారైనవి. అవి పాడైతే కొత్తవి రావు."

"అరవై నాలుగేండ్లుగా అదే సరుకా?"

"అదే. అవి మడత చెడకుండా ఒద్దికగా ఉన్నంతకాలం వెలుతురు నేరుగా పోతుంది. ఒకటి మడత విడిపోతే పట్టుకోవడానికి కాపలా ప్రొటీన్లు కొన్ని ఉంటాయి. అవి అయిపోయాక, చెడినవన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. కటకం పసుపుబారుతుంది. పసుపు అద్దంలోంచి చూస్తే నీలం ఏం తెలుస్తుంది?"

"సుక్కల మందేసి విడదీయలేరా?"

"ఉడికిన గుడ్డును మళ్ళీ పచ్చిగుడ్డు చేయగలరా? అలాంటి మందు కోసం వెతుకుతున్నారు. ఇంకా చేతికి రాలేదు."

"తొట్టి వేడికి వచ్చిందా?"

"వయసుకు వచ్చింది. ఎండ, పొగ తోడై ఉండొచ్చు. ఇదేనని చెప్పలేం."

ముందు కుడికంట్లో మసకబారిన కటకం తీసి కొత్తది పెట్టారు. ఇంటికొచ్చి, దండెం మీద ఆరేసిన నూలు చిలపల ముందు నిలబడిపోయాడు.

"నూలుమింద ఈ సిరా ఎవడు పోసినాడే?"

"నువ్వే" అంది వనజాక్షి.

వారం తిరక్కుండానే అసలు నెమలికంఠం వేశాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన దగ్గరే నూలు కొని చీరలు నేయించే సుందరరాజు ఆ మూటను వెనక్కి పట్టుకొచ్చాడు.

"ఏమప్పా, ఆపరేషన్ సరిగా కుదర్లేదా? ఇది వెలిసిపోయిన నీలం. నీది కాదు."

"ఇదేనప్పా అసలుది!"

"అసలుది ఎవురికి కావల్ల? తిరుపతి అంగళ్ళలో ఆడోళ్ళు అడిగేది నీ ముదురు నీలమే. అది వేస్తే వెయ్యి. లేకుంటే ఇంకొకర్ని సూసుకుంటా."

మర్నాడు ఏకాంబరం కుడికన్ను అరచేత్తో మూసుకుని, చెడ్డ కంటితో రంగు వేశాడు. సుందరరాజు కిక్కురుమనకుండా తీసుకెళ్ళాడు.

అప్పట్నుంచి ఎడమకంటి ఆపరేషనుకు ముహూర్తం కుదరలేదు. ఒకసారి జ్వరమన్నాడు, ఒకసారి పెళ్ళన్నాడు. డాక్టరే ఫోను చేసి, ముదిరి గట్టిపడితే తీయడం కష్టమవుతుందని చెప్పింది.

"అది పాయిందంటే నా రంగు పాయినట్టే మేడమ్" అని పెట్టేశాడు.

వనజాక్షి విని, బియ్యం డబ్బా వెనకనుంచి ఒక తాడు తెచ్చింది. తాడు కాదు, ఒకదానికొకటి ముడివేసిన నీలం పోగులు, తొట్టికొకటి చొప్పున ఆరేళ్ళవి.

"రంగు తేడా అని ఎవురన్నా కొట్లాటకొస్తే సూపిద్దామని కట్టిపెట్టినా. సెప్తే పరువు పాయిందని ఎగురుతావని సెప్పలేదు."

ఏకాంబరం మంచికంటితో దాన్ని ఒక కొసనుంచి లాగుతూ పోయాడు. ఇటు కొస నెమలికంఠం, అటు కొస సిరా. ఏ ముడి దగ్గర చూసినా అటు పోగుకీ ఇటు పోగుకీ తేడా లేదు. ఆరేళ్ళపాటు కంట్లో ఏం జరిగిందో ఆయన చేతుల్లో మూరలు మూరలుగా ఉంది.

"కడాకరి పోగు పక్కన పెట్టుకోని వెయ్యి. ఆ కంటికీ ఆపరేషన్ చేపించుకో" అంది.

"పోగు పెట్టుకోనా? నేనా?"

"కాపీ కొట్టేది నీ రంగేగదా. ఎవురేమనుకుంటారు?"

ఆ నెలలోనే ఎడమకన్నూ చేయించుకున్నాడు. తర్వాత రెండు మంచి కళ్ళతో, చెడ్డకన్ను వేసిన పోగును పక్కన పెట్టుకుని, దానికి సరిపోయేదాకా మూడుసార్లు ముంచాడు.

సుందరరాజు చిలపను వాకిట్లోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదీ నీ రంగంటే! ఇప్పుడు సూడు, కన్ను బాగైనట్టుండాది."

ఏకాంబరానికి అది సిరాలాగే ఉంది. "ఆ, బాగైందప్పా" అన్నాడు, మాదిరి పోగును చొక్కా జేబులోకి ఇంకా లోపలికి తోస్తూ.