అప్పలసామి మాస్టారి రంగు

మీ ఒంటి రంగు చూసి ఎవరైనా మీ వంశాన్ని మెచ్చుకుంటే మీరేం చేస్తారు? మొహమాటంగా నవ్వి ఊరుకుంటారా, లోలోపల కాస్త పొంగిపోతారా? తొందరపడి జవాబు చెప్పకండి. ముందు నేనొక మనిషి గురించి చెప్పాలి.

మొన్న శనివారం సిడ్నీలో పారమట్టా స్టేషన్ దగ్గర ఎవరో చెరుకురసం యంత్రం పెట్టారు. అల్లం, నిమ్మకాయ కలిసిన ఆ పచ్చి తీపి వాసన తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. ఈ వాసన వస్తే అప్పలసామి మాస్టారు రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయేవారు. ఆయన ఫిజీలో పుట్టిన తెలుగువారు. ఆయన తాతగారి తల్లి విశాఖ వైపు నుంచి చెరుకుతోటల్లో కూలికి ఓడెక్కిన మనిషి. ఫిజీలో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక మాస్టారు భార్యాబిడ్డలతో సిడ్నీ వచ్చి, ఇక్కడి హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. నేను ఒంగోలు నుంచి ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, మా తెలుగు సంఘం హాల్లో ఆయన ఆదివారం పిల్లలకు చరిత్ర క్లాసు నడిపేవారు. మా అమ్మాయి మేధను అక్కడ చేర్చాను. కూతుర్ని దించి వెళ్ళిపోవలసినదాన్ని, మొదటి వారమే వెనక కుర్చీలో కూలబడ్డాను.

ఆయన పద్ధతి వేరు. ఒక మనిషి జీవితం చెబుతారు, పేరు మాత్రం చెప్పరు. పేరు చెబితే ఫోన్లో వెతికి తీర్పు ముందే చదివేస్తారని ఆయన అనుమానం. కథను మధ్యలో ఆపి, ఇక్కడ నువ్వయితే ఏం చేస్తావని అడుగుతారు. పిల్లవాడు ఏం చెప్పినా, దానికి ఆ మనిషి తల్లి ఏమంటుందో కూడా చెప్పమంటారు. నేను ఎన్నో వాదసభల్లో ఎదుటివాణ్ణి చిత్తు చేయడం నేర్చుకున్నదాన్ని. ఎదుటివాడి తల్లిని పలకరించాలని నాకు ఎవరూ నేర్పలేదు.

ఆ రోజు కథ పదహారో శతాబ్దంలో దక్షిణ అమెరికా ఉత్తర తీరానిది. తండ్రి స్పెయిన్ దేశస్థుడు. తల్లి ఒక దీవిలోని ఆదివాసీ నాయకుల ఇంటి ఆడపడుచు. కొడుకు తల్లి భాషలన్నీ నేర్చాడు. ఆ భాషలతోనే ఎదుటి తీరానికి వెళ్ళాడు. అక్కడున్న తల్లి చుట్టాలు మనవాడే వచ్చాడని అన్నంపెట్టారు. వాడు అక్కడ జెండా పాతి, ఇది స్పెయిన్ రాజుగారి నేల అన్నాడు.

మేధ చెయ్యెత్తి, "బట్ మాస్టర్ అంకుల్, అది వాళ్ళ మమ్ ఫ్యామిలీ కదా? వై వుడ్ హి డూ దట్?" అంది.

"నాన్న పక్కన కుర్చీ కావాలని, పాపా. మరి ఆ కుర్చీ ఇచ్చారంటావా?"

పిల్లలు సగం మంది ఇచ్చారన్నారు, సగం మంది లేదన్నారు. మాస్టారు జవాబు చెప్పకుండానే క్లాసు ముగించారు.

మాస్టారు పచ్చని ఛాయ మనిషి. కళ్ళు తేనెరంగు, ముక్కు కోటేరు. మా సంఘంలో ఇది పెద్ద చర్చ. పేరేమో అప్పలసామి, రూపమేమో ఇలా. ఇంటిపేరు అడిగితే ఓడలో పోయిందని నవ్వేవారు. ఆ నవ్వుకు మావాళ్ళు ఊరుకుంటారా? ఇంటిపేరు దొరక్కపోతే ఊరు, ఊరు దొరక్కపోతే వంటలు, అదీ దొరక్కపోతే రంగు. ఎలాగోలా మనిషిని ఒక అరలో పెట్టందే మనకు ముద్ద దిగదు. మా సభలు మొదలయ్యే ముందు, ఈ నేల అసలు యజమానులైన ఆదివాసులకు గౌరవం తెలుపుతూ ఇంగ్లీషులో నాలుగు మాటలు చదువుతాం. చదివి కూర్చున్న మరుక్షణం పక్కవాణ్ణి తెలుగులో ఇంటిపేరు అడుగుతాం.

ఒక ఆదివారం టీ తాగుతుండగా సంఘం అధ్యక్షుడు ప్రసాద్ గారు ఆ చర్చను తేల్చేశారు. ఓడెక్కించిన గుమస్తా పేరు తప్పు రాసి ఉంటాడని ఆయన సిద్ధాంతం.

"ఆ రంగు, ఆ ముక్కు కూలికి పోయినవాళ్ళవి కాదండీ మాస్టారూ. రాసిపెట్టుకోండి, మీరు మావాళ్ళే."

మాస్టారు సగం తాగిన టీ కప్పు బల్లమీద పెట్టేశారు. ప్రసాద్ గారు చెడ్డమనిషి కాదు. ప్రేమతోనే అన్నారు. వార్షికోత్సవంలో సన్మానం చేస్తామని, హాలు ఇక ఎప్పటికీ మాస్టారి క్లాసుదేనని కూడా అన్నారు. ఆ హాలు కోసం నృత్యం క్లాసువాళ్ళు, యోగావాళ్ళు ఎదురుచూస్తున్నారు. మాస్టారికి ఉన్న సంతోషం ఆ క్లాసొక్కటే. ఆయన నోరు మూసుకుని శాలువా కప్పించుకుంటే చాలు, క్లాసు నిలుస్తుంది.

వార్షికోత్సవం నాడు హాలు నిండిపోయింది. వెనక బిర్యానీ గిన్నెల మూతలు పొగలు కక్కుతున్నాయి. ఉత్తమ వంశంలో పుట్టి సముద్రాల పాలైన రత్నమని ప్రసాద్ గారు పరిచయం చేశారు. మాస్టారు శాలువా మడిచి బల్లమీద పెట్టి మైకు అందుకున్నారు. ముందు వరసలోని పిల్లలకు, మొన్న ఆపిన కథ చెబుతానన్నారు.

ఆ తీరంలో ఆదివాసులు తిరగబడ్డారు. మాటలాడుకుందామని నమ్మి వచ్చిన వాళ్ళ నాయకుణ్ణి ఈ కొడుకు ఉరి తీయించాడు. వాడి వెంట వెళ్ళిన తల్లి ఆ పోరులోనే పోయింది. చివరికి ఒక స్పెయిన్ అధికారి స్నేహంగా కబురు పెట్టి, నమ్మి వెళ్ళిన వీణ్ణి పట్టి ఉరి తీశాడు. తండ్రి జాతివాళ్ళు ఇచ్చిన కుర్చీ అదే.

హాల్లో ఎవరో మెల్లగా దగ్గారు. మాస్టారు తన చెయ్యి దీపం కింద పెట్టి చూపించారు.

"ఈ రంగును ప్రసాద్ గారు మెచ్చుకున్నారు. ఇది మా తాత తండ్రి రంగు. ఆయన చెరుకుతోటలో తెల్ల ఓవర్సీరు. మా తాత తల్లి ఆ తోటలో కూలి. ఆమె ఇష్టం ఎవుడూ అడగలేదు."

ఆయన గొంతు ఎత్తలేదు. పుట్టిన బిడ్డ తెల్లగా ఉన్నాడని తోట నడిపే కంపెనీ వాణ్ణి చేరదీసిందట. పెద్దయ్యాక కూలీల మీద సర్దారును చేసి చేతికి కొరడా ఇచ్చిందట. తనను ఎత్తుకు పెంచిన మనుషుల వీపులమీద ఆ కొరడా ఆడిందట.

"మాస్టారూ, పిల్లలున్నారండి" అన్నారు ప్రసాద్ గారు.

"వాళ్ళకే సెప్తన్నానండి. ఇంకొక్క మాటే ఉంది. మా తాత తన తల్లి చేత కూడా దొరా అని పిలిపించుకున్నాడు."

నేను వాదాల్లో ఆరితేరినదాన్ననుకునేదాన్ని. కులం కల్పితమని, వర్ణం బూటకమని గంటసేపు నిలబడి నిరూపించగలను. ఆ ఒక్క వాక్యం చేసిన పని నా వాదాలేవీ ఎప్పుడూ చేయలేదు. కన్నతల్లి కొడుకును దొరా అని పిలిచింది. మేం అందం అని మురిసిపోయిన రంగు ఒక నేరం వదిలిన మరక. దానికి మేం గోత్రం వెతికాం. ఇన్నేళ్ళయినా ఆ దిగ్భ్రమ నన్ను వదల్లేదు, వదలకూడదనే నా కోరిక. నా వెనక ఒకావిడ, భోజనాలకు ముందు చెప్పాలా ఈ కథ అని గొణిగింది. అవునమ్మా, ముందే చెప్పాలి. తిన్నాక అన్నీ అరిగిపోతాయి.

తర్వాతి ఆదివారం హాల్లో నృత్య సాధన జరుగుతోంది. సంఘం నుంచి మాస్టారికి మర్యాదగా ఒక మెసేజ్ వచ్చింది, అంతే. తల్లిదండ్రులు ఒక్కొక్కరే పిల్లల్ని మానిపించారు. సిడ్నీ శివారు లివర్‌పూల్‌లో మాస్టారి ఇంటి గ్యారేజీలో మేధతో కలిపి నలుగురు పిల్లలు మిగిలారు. క్లాసు పోయిందని నేను బాధపడితే ఆయన ఆశ్చర్యంగా చూశారు.

"హాలు పోయిందమ్మా. క్లాసు ఇదిగో, నీ ముందరే ఉంది."

మేధ యూనివర్సిటీలో చేరేదాకా ఆ గ్యారేజీ క్లాసు ఆగలేదు. పోయిన చలికాలం మాస్టారు వెళ్ళిపోయారు. ఆయనకు నమ్మకం లేకపోయినా, భార్య కోరికమీద దహనశాలలో చిన్న పూజ పెట్టారు. పంతులుగారు అలవాటుగా గోత్రం అడిగారు. కొడుకు తడబడ్డాడు. తెలియనివాళ్ళకు చెప్పే గోత్రం ఒకటుందిలెండి అంటూ పంతులుగారు సర్దబోతున్నారు. ఇన్నేళ్ళూ ముఖం చాటేసిన ప్రసాద్ గారు వెనక వరసలోంచి లేచారు.

"పేరు చాలండీ పంతులుగారూ. అప్పలసామి అనండి."

ఆయన మారిపోయారని నేను రాయను. ఆ తర్వాత సంఘంలో ఏమీ మారలేదు. కానీ ఆ రోజు ఒక ప్రశ్నను ఆయన తన నోటితోనే ఆపారు, దానికి ఏ ఉద్యమమూ అవసరం కాలేదు. వీరుల కథ ఎవరు చెప్పినా, ఆ వీరుడి తల్లి ఊరు ఏమైందని అడిగే దురలవాటు నాకు మాస్టారి నుంచి వచ్చింది. దానివల్ల స్నేహితులు తగ్గారు. ఫరవాలేదు.

ఇప్పుడు మీ వంతు. ఈ వారాంతం ఏదో ఒక విందులో ఒక కొత్త జంట చేతుల్లో ప్లేట్లు పట్టుకుని మీ పక్కన నిలబడుతుంది. పేరు అడగండి. అక్కడితో ఆగండి. మీ పక్కవాడు ఇంటిపేరు అడగబోతే, అందరూ వినేటట్టు వాణ్ణి కూడా ఆపండి.